చక్రపాణి కట్టించిన గట్టు

చక్రపాణికి నీళ్లంటే ఒళ్లు మంట. తాగే నీళ్లు కాదు, స్నానం నీళ్లూ కాదు. పిలవని పేరంటానికి వచ్చినట్టు ఇంట్లో దూరే నీళ్లు. గోదావరి గట్టు కింది ఊళ్లో పుట్టినవాడికి ఆ మాత్రం మంట ఉండదా మరి! ఆగస్టులో ఏరు ఎర్రబడిందంటే చాలు, ఊళ్లో మగవాళ్లందరి కాపురం గట్టు మీదకి మారిపోయేది. ఎక్కడ చెమ్మ కనిపిస్తే అక్కడ మట్టి బస్తా పడేయాలి, ఎక్కడ ఎలక బొరియ కనిపిస్తే అక్కడ తొక్కి పూడ్చాలి. ఆడవాళ్లు ఏటికి పసుపు కుంకుమ జల్లి, "తల్లీ, చల్లగా సాగిపో" అని దండం పెట్టేవారు. పైకి అనని మొక్కు ఇంకొకటి ఉండేది. తెగితే అవతలి గట్టు తెగాలి. అది తెగితే ఇవతలి గట్టుకి ఊపిరాడుతుంది. ఈ సంగతి రెండు ఒడ్డుల వాళ్లకీ తెలుసు. రెండు ఒడ్డుల వాళ్లూ అదే కోరుకునేవారు, మళ్లీ పెళ్లిళ్లలో పక్కపక్కనే కూర్చుని పప్పన్నం తినేవారు.

ఎనభయ్యారులో అవతలి గట్టు తెగలేదు. ఇవతలిది తెగింది. పెంకుటిల్లు, పశువుల సావిడి, చక్రపాణి తల్లి ప్రాణంగా పెంచుకున్న నిమ్మచెట్లు, అన్నీ ఒక్క పూటలో పోయాయి. బడి మేడ మీద తడిబట్టలతో కూర్చున్న చక్రపాణి, కళ్ల ముందు పారుతున్న ఎర్రనీళ్లను చూసి పచ్చి బూతు తిట్టాడు. "నీ మొహం మళ్లీ చూస్తే ఒట్టు!" అన్నాడు. ఏటికి ఒట్టు పెట్టినవాడు లోకంలో అతనొక్కడే కాబోలు.

మనిషి మొండివాడు, అన్నంత పనీ చేశాడు. భార్య బాలాత్రిపురసుందరినీ, చంకలో పిల్ల అమూల్యనీ తీసుకుని హైదరాబాదు ఉత్తరాన మేడ్చల్ దారిలో ఒక మందుల ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనికి చేరాడు. కొన్నేళ్లు సూరారంలో అద్దె కొంపలో ఉండి, తొంభై అయిదులో దూలపల్లి పక్కన కొత్తగా వేసిన లేఅవుట్లో స్థలం చూశాడు. అమ్మేది ఆ ఊరి ఆసామి కొడుకు శ్రీనివాస్. అందరూ కరెంటు ఉందా, రోడ్డు వస్తుందా, బస్సు ఆగుతుందా అని అడుగుతారు. చక్రపాణి అడిగింది ఒకటే ప్రశ్న.

"ఇక్కడ ఏరుందా?"

శ్రీనివాస్ కారుకు ఆనుకుని పడీ పడీ నవ్వాడు. "ఏరా? తాగనీకె నీళ్లు దొర్కక బోర్లు ఏస్తుంటె, గీడికి ఏరేడికెల్లి వస్తది సార్?"

"మరి స్థలం వెనకాల ఆ పల్లం ఏంటండీ?"

"గదా? గది వాగు. పేరుకే వాగు. పైన చెర్వు నిండితె అలుగు దుంకుతది, గప్పుడు రెండు దినాలు నీళ్లొస్తయి. గా చెర్వు ఎన్నడు నిండిందో మా నాయినకే యాదికి లేదు. మీరు బేఫికర్ ఉండుండ్రి."

అలుగు అంటే చెరువు నిండాక మిగులు నీళ్లు పొర్లిపోవడానికి కట్టకు ఒక పక్కన వదిలిన రాతి దారి. ఆ ముక్క చక్రపాణి వినీ విననట్టు వదిలేశాడు. సుందరి మాత్రం పల్లం వైపు చూసి, "ఏవండీ, వాగన్నా ఏరేగా?" అంది. "నాలుగు అంగల్లో దాటేదాన్ని ఏరంటారుటే? మన ఊరి పంటబోదె ఇంతకన్నా పెద్దది!" అని కసురుకున్నాడు చక్రపాణి. లేఅవుట్ చివర, వాగు వంపు తిరిగే చోట, గాలి బాగా వస్తుందని ఏరికోరి ఆ మూల స్థలమే తీసుకున్నాడు. గోదావరిని చూసిన కళ్లకు ఏదీ ఆనదు కదా. అదే కొంప ముంచింది.

రెండువేల సంవత్సరం ఆగస్టులో ఆ చెరువు నిండింది.

గోదావరికి ఎంత కోపమొచ్చినా మర్యాద తెలుసు. ముందు రేడియోలో చెప్పి పంపుతుంది, మెట్టు మెట్టుగా ఎక్కుతుంది, మూట కట్టుకునే వ్యవధి ఇస్తుంది. ఈ వాగుకు అదేం లేదు. పొద్దున కాఫీ తాగేటప్పుడు పల్లంలో పిల్లకాలువ. ఇడ్లీలు దిగేసరికి గడప మీద నడుం లోతు! కాలనీ మొత్తం పిల్లల్ని భుజాలకెత్తుకుని, రోడ్డు మీది కల్వర్టు దాటి, వాగు అవతలి బస్తీలోకి పరుగెత్తింది. ఆ బస్తీ కొంచెం మెరక. అక్కడ కాలనీకి పాలు పోసే సాలమ్మ ఉంది. తన బర్లను వానలో బయట కట్టేసి, కొట్టం ఊడ్చి, గడ్డి పరిచి కాలనీ ఆడవాళ్లందరికీ చోటిచ్చింది. పెద్ద గంజు నిండా టీ కాచింది. నోరు మాత్రం ఊరుకోలేదు.

"గీ సార్లకు గింత సదువెందుకో! వాగుల ఇండ్లు కట్టుకొని వాగొచ్చింది, వాగొచ్చింది అని లొల్లి. దానింటికి అది రాదా?"

అందరూ నవ్వారు. చక్రపాణి నవ్వలేదు. పధ్నాలుగేళ్లు పారిపోయి వచ్చినా ఇల్లు వెతుక్కుంటూ వెంటబడి వచ్చిన నీళ్లను తలుచుకుంటే అతనికి అరికాలి మంట నెత్తికెక్కింది.

బురద కడుక్కున్నాక ఆఫీసుల చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. ఒక ఆఫీసులో ఆ వాగు మాది కాదన్నారు. రెండో ఆఫీసులో అసలక్కడ వాగే లేదన్నారు. "లేకపోతే మా ఇంట్లోకి వచ్చిందేంటండీ, నా శ్రాద్ధమా?" అని అరిచాడు చక్రపాణి. గుమాస్తా తలెత్తకుండానే, లంచ్ తర్వాత రమ్మన్నాడు. లంచ్ తర్వాత ఆ గుమాస్తాయే రాలేదు. బాయిలర్ దగ్గర డ్యూటీ దిగి, చెమట బట్టలతో బస్సులు మారి వెళ్లి, బల్లల ముందు నిలబడి నిలబడి మనిషికి విసుగు పుట్టి, చివరికి ఇంటికొచ్చి కంచం విసిరేశాడు. సుందరి కంచం తీసి మళ్లీ అన్నం వడ్డిస్తూ, "వాళ్లు కట్టరు గాని, మీ ఊళ్లో ఎవరు కట్టేవారు గట్టు? మీరేగా?" అంది.

అంతే. మరుసటి ఆదివారం కాలనీ సంఘం సెక్రటరీ రాజారావు ఇంటికి వెళ్లాడు. రాజారావు గుంటూరు వైపు మనిషి, బ్యాంకు ఉద్యోగి, మాట మెత్తన. మునిగిన సోఫా ఇంకా ఎండలోనే ఉంది. "మీకు గట్టు కట్టడం తెలుసా?" అని అడిగాడు. ఆ మాట అడగకూడదు చక్రపాణిని! అడుగు వెడల్పు ఎంతుండాలి, బంకమట్టి ఎంత తడిపి ఎలా దిమ్మిస కొట్టి బిగించాలి, పైన ఏ గడ్డి నాటితే మట్టి జారదు, అన్నీ ఏకరువు పెట్టేశాడు. గుమాస్తాలు, టీచర్లు, ఫ్యాక్టరీ వాళ్లు, అందరూ లుంగీలు ఎగ్గట్టి ఆదివారం ఆదివారం మట్టి మోశారు. ఎన్నడూ మొహం చూసుకోనివాళ్లు ఒకే తట్టకి చెరోవైపు పట్టుకున్నారు. నిజం చెప్పొద్దూ, ఆ గట్టుతోనే కాలనీ ఊరయింది. చక్రపాణి ఇంటి వెనక వంపు దగ్గర మట్టిగట్టుకి జాగా చాల్లేదు. అక్కడ అతని సొంత ప్రహరీనే రాతితో ఎత్తు చేసి గట్టులో కలిపేశారు.

ఒకరోజు పాలకేన్ చంకన పెట్టుకుని సాలమ్మ వచ్చి గట్టును ఆ చివర నుంచి ఈ చివరదాకా చూసింది.

"మంచిగ కట్టినవ్ సారూ. గని, నీళ్లు ఎటు వోవాలె మరి?"

"ముందుకు పోతాయి. నీళ్లకి మనం దారి చెప్పాలా ఏంటమ్మా?"

"మా దిక్కు వస్తె?"

"మీది మెరకేగా! నీకేం భయం లేదు. నేను గోదారి గట్టు మీద పుట్టినవాణ్ణి, నాకు తెలీదా?"

సాలమ్మ నమ్మినట్టే తలూపింది. అంత గట్టిగా చెప్పేవాణ్ణి ఎవరు నమ్మరు? అతను అబద్ధం ఆడలేదు కూడా. అతనికి తెలిసిన గట్టు ఒకటే, నీళ్లను బయట ఉంచేది. ఈ చెరువుల దేశంలో కట్ట అంటే నీళ్లను లోపల ఉంచేది. లోపల ఉంచినవాళ్లు ఎప్పుడూ ఒక పక్కన అలుగు వదిలి పెట్టారు, ఎంత నీరొచ్చినా పోయే దారి ఉండేట్టు. చక్రపాణి గట్టుకి అలుగు లేదు. అలుగు వదలాలన్న ఆలోచన గోదావరి గట్టువాడి బుర్రలోకి రాదు. వాళ్ల ఊళ్లో గట్టుకి దారి వదిలినవాణ్ణి తంతారు.

తర్వాత వరసగా కరువు. వాగులో చుక్క లేదు. కాలనీవాళ్లు గట్టు మీద నుంచి చెత్తంతా అందులోకే విసిరేవారు. పిల్లలు అందులోనే క్రికెట్ ఆడేవారు. శ్రీనివాస్ అవతలి ఒడ్డున కూడా మట్టి పోయించి ఇంకొన్ని ప్లాట్లు అమ్మేశాడు. రెండు వైపులా మనుషులే నొక్కితే వాగు మాత్రం ఏం చేస్తుంది, చిక్కి సగమయింది. చక్రపాణి మాత్రం రోజూ పొద్దున్నే గట్టు మీద ఈ కొస నుంచి ఆ కొసకి నడిచేవాడు. ఎలక బొరియ కనిపిస్తే తొక్కేవాడు. ఎవరి మేకైనా గడ్డి పీకితే అరిచేవాడు. "ఉన్న పెళ్ళాం ఒకత్తి చాలదన్నట్టు ఈ గట్టొకటి" అని సుందరి దెప్పేది. అమూల్య పెళ్లయి వెళ్లిపోయాక ఆ దెప్పులు వినేదీ అతనొక్కడే. జనం చక్రపాణి గట్టు అనడం మొదలుపెట్టారు. వద్దన్నట్టు చెయ్యి ఊపేవాడు గాని, ఆ మాట చెవిన పడ్డ రోజు అన్నంలోకి ఇంకో గరిటె నెయ్యి వేయించుకునేవాడు.

రెండువేల ఎనిమిది ఆగస్టులో మళ్లీ వాన పట్టింది. పొద్దున్నే పైనుంచి కబురు వచ్చింది, అలుగు దూకుతోందని. కాలనీ మగవాళ్లంతా గొడుగులేసుకుని గట్టెక్కారు. నీళ్లు ఎర్రగా, సుళ్లు తిరుగుతూ, చెట్ల కొమ్మలూ ప్లాస్టిక్ డబ్బాలూ మోసుకుంటూ వచ్చి గట్టును కొట్టాయి. గట్టు కదల్లేదు. ఇసుమంత చెమ్మ లేదు. ఎవరో ఫ్లాస్కుతో టీ తెచ్చారు. రాజారావు చక్రపాణి రెండు చేతులూ పట్టుకుని, "మీరు లేకపోతే ఇవాళ మా గతేంటండీ" అన్నాడు. చక్రపాణి ఛాతీ విరుచుకుని టీ గ్లాసు అందుకున్నాడు. జన్మలో మొదటిసారి నీళ్ల మీద గెలిచాడు మరి.

అప్పుడు ఎవరిదో కేక వినపడి తలెత్తి అవతలికి చూశాడు.

అవతల బస్తీ లేదు. కప్పులు ఉన్నాయి, వాటి మీద మనుషులు ఉన్నారు. ఇటు దారి లేక వాగు అటు ఎక్కేసింది. సాలమ్మ కొట్టంలో ఛాతీ లోతు నీళ్లలో నిలబడి, బిగుసుకున్న పలుపులు విప్పడానికి పెనుగులాడుతోంది. బర్లు మూతులు పైకెత్తి అరుస్తున్నాయి. మేడ మీద నుంచి ఎవరో తాడు విసురుతున్నా ఆమె పట్టుకోవడం లేదు. బర్లను వదిలి రాదు ఆ మనిషి. కళ్లెత్తి ఇటు చూసి, గట్టు మీద టీ గ్లాసుతో నిలబడ్డ చక్రపాణిని పోల్చుకుంది.

"ఓ సారూ! మెరక అంటివి గద! చూడు, మంచిగ చూడు నీ మెరక! నీ గోడ పాడుగాను!"

ఎనభయ్యారులో అవతలి ఒడ్డున నిలబడి చూసినవాళ్లను అతను ఎన్ని శాపనార్థాలు పెట్టాడో లెక్కలేదు. వాళ్ల మొహాలు ఎలా ఉండేవో ఇన్నాళ్లూ తెలియలేదు. ఇప్పుడు తెలిసింది. తన మొహంలాగే ఉండేవి.

"రాజారావు గారూ, ఇక్కడ గండి కొడదాం రండి! నీళ్లు మన కాలనీ ఆటస్థలం మీదుగా కల్వర్టు దిగువకి పోతాయి. అటు తగ్గుతుంది."

"మతి పోయిందా మీకు? కట్టించింది మీరే!"

"కట్టించాను గనకే చెప్తున్నాను! ఆవిడ చచ్చిపోతుందండీ!"

"పడవ వస్తుందిలెండి. ఫోన్ చేశాం కదా."

"ఎక్కడికి చేశారు? వాగే లేదన్నాడే, ఆ ఆఫీసుకేనా?"

ఒకాయన గొడుగు మరో చేతిలోకి మార్చుకున్నాడు. ఇద్దరు కుర్రాళ్లు గట్టుకి అడ్డం నిలబడ్డారు, ఈ మనిషి ఏం చేస్తాడోనని. చెడ్డవాళ్లేం కాదు పాపం, అందరూ సాలమ్మ పాలు తాగినవాళ్లే. ఒకసారి మునిగిన ఇల్లు మళ్లీ మునుగుతుందంటే ఎవరికి మనసొప్పుతుంది? చక్రపాణికి వాళ్లని కొట్టాలనిపించింది, తనని తాను కొట్టుకోవాలనిపించింది. కొట్టలేక, పళ్లు నూరుకుంటూ గట్టు దిగి ఇంటికి పరుగెత్తాడు. గట్టు అందరిదీ. వెనక ప్రహరీ మాత్రం తనది. దాన్ని పగలగొట్టొద్దనే హక్కు ఎవడికుంది?

గునపం పట్టుకుని పెరట్లోకి వస్తున్న మొగుణ్ణి చూసి సుందరికి చెప్పకుండానే అర్థమైపోయింది. అవతలి కేకలు ఆవిడా విన్నది.

"ఆగండి ఒక్క క్షణం. బియ్యం పైకి ఎక్కించనివ్వండి."

"బియ్యమా! అక్కడ మనిషి మునిగిపోతుంటే బియ్యం ఏంటే!"

"రేపు ఆవిడొస్తే నేనేం వండి పెట్టను?" అని బస్తా అతని నెత్తినే పెట్టింది. బస్తా, గ్యాస్‌బండ, దేవుడి పటాలు ఇద్దరూ కలిసి రొప్పుతూ మేడ మెట్లెక్కించారు. తర్వాత ఆవిడే పార పట్టుకుని గోడ దగ్గర నిలబడింది.

వెధవ గోడ పగలదే! ఎంత బాగా కట్టించాడు మరి, ఎంత బలంగా కొట్టినా గునపం వెనక్కి ఎగిరింది. "ఎవడు కట్టాడ్రా ఈ గోడ!" అని తనని తానే తిట్టుకుంటూ, ఏడుస్తూ కొట్టాడు. చివరికి ఒక రాయి ఊడింది. ఊడిన చోట నుంచి నీళ్లు బల్లెంలా చిమ్మాయి. ఇంకో రాయి. అంతటితో గోడ తానే పడిపోయింది. ఇద్దరూ మెట్ల మీదకి ఎలా చేరారో వాళ్లకే తెలియదు. నీళ్లు వంటింట్లో దూరి, ముందు గదిలోంచి, గేటు విరుచుకుని వీధిలోకి పడి, రాజారావు ఇంటినీ దాని పక్క ఇంటినీ ముంచి, ఆటస్థలం మీదుగా దిగువకి పరుగెత్తాయి.

అవతల కొట్టంలో నీళ్లు సాలమ్మ ఛాతీ మీద నుంచి నడుముకి దిగాయి. పలుపులు ఊడి వచ్చాయి. బర్లు ఈదుకుంటూ రోడ్డెక్కాయి. ఒక దుడ్డె దూడ మాత్రం దక్కలేదు.

మెచ్చుకున్నవాడు ఒక్కడూ లేడు. రాజారావు కొత్త సోఫా కూడా మురిగిపోయింది, చక్రపాణి ఎదురైతే పక్కకి చూసేవాడు. సుందరి వండిన అన్నం తినడానికి సాలమ్మ రాలేదు. చాలా రోజులకు పాలకేన్‌తో వచ్చి గేటు బయటే నిలబడింది.

"దుడ్డె సచ్చిపాయె" అంది.

"తెలుసమ్మా."

"ముందుగాల గోడ కట్టి మమ్ముల ముంచినవ్. ఎన్క గోడ కూలగొట్టి నిన్ను నువ్వే ముంచుకున్నవ్. గట్ల కూలగొట్టెటోనివి కట్టుడెందుకయ్యా? ఏం మనిషివి సారూ నువ్వు!"

పాలు పోసి వెళ్లిపోయింది. ఎప్పటికన్నా ఒక చెంబు ఎక్కువే పోసింది. అది క్షమించడమో, చూసుకోకుండా పోయడమో చక్రపాణి అడగలేదు.

సంఘం మీటింగు పెట్టారు. రాజారావు కోపం దిగమింగుకుని మర్యాదగానే మాట్లాడాడు. "చక్రపాణి గారూ, రెండే దారులు. పాత చోటే, మీ ఇంటి వెనకే మళ్లీ గోడ కడతాం, సిమెంటుతో. ఇంకెప్పుడూ దాని మీద చెయ్యి వేయనని మీరు అందరి ముందూ మాటివ్వాలి. అలా ఇవ్వలేకపోతే మీ ఇంటినీ ఆటస్థలాన్నీ వాగుకి వదిలేసి, మీ ఇంటి ముందు నుంచి గోడ కడతాం. మీ రాకపోకలకి గోడ మీదుగా మెట్లు కట్టిస్తాం. ఆలోచించుకోండి."

చక్రపాణి లేచాడు. ఏటికి దూరంగా బతకాలని ఇంత దూరం వచ్చి కట్టుకున్న ఇల్లు! వెనకాల కడితే సాలమ్మ కొట్టం మునుగుతుంది. ముందు కడితే తన ఇల్లు వాగులో ఉంటుంది. ఏదో ఒకటి చెప్పవయ్యా అన్నట్టు అందరూ చూస్తున్నారు. అప్పుడు వెనక వరసలో ఆడవాళ్ల మధ్య నుంచి సుందరి గొంతు వినపడింది.

"ఇంటి ముందే కట్టండి రాజారావు గారూ. మా ఆయన మాటిస్తే నిలబెట్టుకోలేడు. బియ్యం బస్తా ఇకనుంచి మేడ మీదే ఉంటుంది."

ఎవరో కిసుక్కుమన్నారు. చక్రపాణి భార్య వైపు గుర్రుగా చూసి, తలూపి, బయటికి నడిచాడు.

పని మొదలైన రోజు మేస్త్రీ వచ్చి చక్రపాణి గేటు ఎదురుగా కందకం తవ్వించాడు. చక్రపాణి డ్యూటీకి సెలవు పెట్టి వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఊళ్లో ఉన్న వాళ్లందర్నీ వరసపెట్టి తిట్టాడు. రాజారావుని, శ్రీనివాస్‌ని, లంచ్ తర్వాత రాని గుమాస్తాని, అలుగుని, గోదావరిని. సుందరి మజ్జిగ ఇస్తే దాన్నీ తిట్టాడు. మేస్త్రీ కందకంలో మొదటి రాయి దించబోయేసరికి ఇక కూర్చోలేక, చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లి కందకంలోకి తొంగి చూశాడు.

"ఏవయ్యా, ఇదేనా పునాది? ఇంత పైపైన వేస్తే మొదటి వానకే నా ఇంట్లో నీళ్లు వాళ్ల ఇళ్లల్లోకి పోతాయి. ఇంకా తవ్వు" అని, పలుగు లాక్కుని తనే దిగాడు.